బీగం గుర్తు

మా నాయన కుడిచెయ్యి మోచేతి దగ్గర వంగిపోయి, మళ్ళీ చాపడానికి రాకుండా ఉండిపోయింది. వేళ్ళున్నాయి కానీ వాటికి పట్టు లేదు. అందుకని ఆయన ఏదిచ్చినా, ఏది పుచ్చుకున్నా ఎడమచేత్తోనే. ఎడమచెయ్యి చాపితే ఎదుటివాళ్ళను అవమానించినట్టేనని మా వైపు గట్టి పట్టింపు. కాబట్టి చాపిన ప్రతిసారీ "ఎడంచెయ్యప్పా, తప్పుగా అనుకోబాక" అనేవాడు. బస్సులో కండక్టరుతో ఆ మాటే, గుడిలో తీర్థం పోసే అయ్యవారితో ఆ మాటే, చివరికి పాలు పోయించుకోవడానికి వచ్చే చిన్నపిల్లలతో కూడా ఆ మాటే. "ఊరందరికీ తెలుసు కదా నాయనా, మళ్ళీ మళ్ళీ చెప్పడమెందుకు?" అని నేను కస్సుమంటే, "తెలిసినోళ్ళకైనా చెప్పాల పాపా" అనేవాడు. నా కోపం అందుకు కాదు. తప్పుగా అనుకోవద్దని అడగాల్సిన మనిషి వేరే ఉన్నాడు, ఆ మనిషి ఎప్పుడూ అడగలేదు. అదీ నా కోపం.

ఆ మనిషి మా పక్క చేను ఆయన. అమ్మకు వరసకు అన్న, నాకు మామ. నేను పలక పట్టుకుని బడికి పోయే రోజుల్లో నాయనా ఆయనా ఒకరినొకరు "బావా" అనుకుంటూ ఒకే బీడీ చెరిసగం కాల్చేవాళ్ళు. చిత్తూరు నుంచి పలమనేరు పోయే రోడ్డుకు కాస్త లోపలగా మా ఊరు. రెండు చేలకూ కలిపి ఒకటే బావి, బావి మీద ఒకటే మోటారు. ఒకరోజు వాళ్ళ వంతు, మర్నాడు మా వంతు. వానలు పడినన్నాళ్ళూ ఎవరి వంతు ఎవరిదో ఎవరూ పట్టించుకోలేదు.

కరువొచ్చిన ఏడాది బావిలో నీళ్ళు అడుక్కు పోయినాయి. మోటారు వేస్తే కాసేపు నీళ్ళు, ఆ తర్వాత గాలి. రెండు చేలలోనూ చెరుకు ఎండుతోంది. ఒకరోజు మామ వంతులో ఉండగా కరెంటు పోయింది, సాయంత్రం దాకా రాలేదు. మర్నాడు పొద్దున నాయన పోయేసరికి ఆయన కాలువ తన చేనికి తిప్పుకుని నిలబడి ఉన్నాడు.

"ఈ పొద్దు నా వంతు బావా" అన్నాడు నాయన.

"నిన్న కరెంటు పోయింది. కరెంటు పోతే నా వంతు యాడికి పోతాది?" అన్నాడు ఆయన.

"కరెంటుతోనే నీ వంతూ పోయింది" అన్నాడు నాయన, నవ్వుతూనే అన్నాడట. ఎండిన చెరుకు పక్కన నిలబడ్డ మనిషికి ఆ నవ్వు నచ్చలేదు. మాటా మాటా పెరిగింది. నాయన వంగి కాలువకు అడ్డం తీయబోయాడు. ఆయన చేతిలో మట్టి తోడే చలికె ఉంది. అది నాయన మోచేతి మీద పడింది. చిత్తూరు ఆస్పత్రిలో గాయం కుట్టారు, పుత్తూరు కట్టుతో ఎముక అతుక్కుంది. తెగిన నరం మాత్రం ఎవరి చేతా కాలేదు. అది ఎవరి తప్పూ కాదు, కొట్టినవాడిది తప్ప.

కేసు చిత్తూరు కోర్టులో నడిచింది. మా తరఫు వకీలు నాయనకు ముందే నేర్పించాడు: చంపాలనే కొట్టాడని చెప్పు, శిక్ష గట్టిగా పడుతుందని. బోనెక్కి నాయన చెప్పింది ఇంతే: "కొట్టినాడు సామీ. సంపాలనుకున్నాడో లేదో ఆయన్నే అడగండి, నాకెట్ల తెలస్తాది?" వకీలు తల పట్టుకున్నాడట. ఆ మాట అమ్మ చెప్పగా విని నేను ఏళ్ళ తరబడి ఉడికిపోయాను. ఇంత దెబ్బ తిని ఒక్క అబద్ధం ఆడలేకపోయాడేమిటి అనిపించేది. శిక్ష పడింది, అయితే వకీలు కోరుకున్నంత పడలేదు. మామ కడప జైలుకు పోయాడు.

తిరిగొచ్చేసరికి ఆయన చిక్కిపోయాడు, జుట్టు తెల్లబడింది, కొత్తగా చదువొచ్చింది. పోయేటప్పుడు వేలిముద్ర మనిషి. లోపల ఎవరో పుణ్యాత్ముడు అక్షరాలు దిద్దించాడు. వచ్చిన తర్వాత టీ అంగట్లో పేపరు పట్టుకుని పెద్దగా చదివేవాడు, చుట్టూ నలుగురు చేరేవాళ్ళు. ఎవరి రేషన్ కార్డు ఆగిపోయినా, ఎవరి పింఛను రాకపోయినా అర్జీ రాసి, వాళ్ళను వెంటబెట్టుకుని చిత్తూరు పోయి, ఆఫీసు మెట్ల మీద పని అయ్యేదాకా కూర్చునేవాడు. "జైల్లో కూర్చునేది బాగా నేర్చుకున్నాడు" అని నేను వెటకారం చేసేదాన్ని. శనివారం శనివారం భజన గుంపుకు పెద్ద ఆయనే. తాళాలు వాయిస్తూ కళ్ళు మూసుకుని పాడేవాడు. గొంతు బాగుంటుందని ఒప్పుకోవాలి.

బావి దగ్గర మాత్రం ఊరి పెద్దలు ఒక ఏర్పాటు చేశారు. మోటారు కొట్టానికి అరచెయ్యంత దిండిగల్ బీగం వేయించారు. వంతు అయిపోగానే కొట్టానికి బీగం వేసి, బీగంచెవి తీసుకుపోయి టీ అంగట్లో ఇవ్వాలి. రెండోవాళ్ళు వచ్చి అంగట్లోనే తీసుకోవాలి. ఆ విధంగా వాళ్ళిద్దరూ ఎదురుపడే పని లేకుండా పోయింది. ఏళ్ళ తరబడి ఆ చెవి ఇత్తడి గ్లాసుల పక్కన మేకుకు వేలాడింది. నాయన ఆయన్ను "బావా" అనలేదు. నేను "మామా" అనలేదు. దారిలో ఎదురైతే నేను పైట సర్దుకుంటూ అటు తిరిగి పోయేదాన్ని.

నేను పెద్దదాన్నై, డిగ్రీ అయిపోయి, టీచరు ట్రైనింగుకని తిరుపతిలో హాస్టల్లో ఉండగా అక్కడ వక్తృత్వపు పోటీ పెట్టారు. విషయం: 'కోర్టులో శిక్ష పడినవారు ప్రజా పదవులకు తగుదురా?' ఇంకేం కావాలి నాకు? తగరు అని మాట్లాడతానని అందరికంటే ముందు పేరిచ్చాను. వేదికెక్కి, చెయ్యి పైకెత్తి, "సంకెళ్ళు పడిన చేతికి ఊరి పెత్తనం ఇస్తామా?" అని అడిగాను. హాలంతా చప్పట్లు. వాళ్ళకు తెలియదు, నేను మాట్లాడుతున్నంతసేపూ నాకు కనబడింది మా నాయన చెయ్యి. మొదటి బహుమతి స్టీలు క్యారియరు. అది సంచిలో పెట్టుకుని, సెలవులకు ఇంటికి బస్సెక్కాను.

ఎనభైల మొదట్లో మాట ఇది. ఇంటికొచ్చేసరికి ఊళ్ళో పంచాయతీ ఎన్నికల సందడి. వీధి అరుగు మీద నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు, నాయన వాళ్ళ ముందు నిలబడి ఉన్నాడు. సంగతేమంటే, మామను ప్రెసిడెంటుగా నిలబెట్టాలని సగం ఊరు అనుకుంటోంది. ఆయన మాత్రం, "ఆయన సరే అంటేనే నేను నిలబడేది" అని కూర్చున్నాడట. ఆయన అంటే మా నాయన.

ఊరికి అంత అవసరం ఎందుకొచ్చిందంటే, పాత ప్రెసిడెంటు. ఆయన మీద ఏ కేసూ లేదు. కేసు పెట్టాల్సినవాళ్ళంతా ఆయన ఇంటిముందు చెప్పులు విప్పి నిలబడేవాళ్ళే కాబట్టి లేదు. ఊరికని ప్రభుత్వం ఇచ్చిన బోరు ఆయన మామిడితోపులో పడింది. మా ఆడవాళ్ళు ఎండాకాలమంతా ఆ తోపు కంచె దగ్గర బిందెలతో నిలబడి, కాపలావాడు ఎప్పుడు కనికరిస్తే అప్పుడు పట్టుకునేవాళ్ళు. మా అమ్మ కూడా అందులో ఒకతి. కొత్త బోరు కోసం అర్జీలు పెట్టి తిరిగినవాడు మామ ఒక్కడే. ప్రెసిడెంటు సంతకం లేకుండా ఆ అర్జీ ముందుకు కదలలేదు.

"నువ్వేమంటావప్పా?" అని పెద్దలు నాయనను అడిగారు.

నాయనకు కోపం రావడం నేను అరుదుగా చూశాను. ఆరోజు వచ్చింది. "కోర్టులో జడ్జి ఉండాడు, ఆయన పని ఆయన చేసినాడు. మళ్ళా నన్ను జడ్జిని చేస్తారా? నేను అడ్డం చెప్పను. ఓటేస్తానని గూడా చెప్పను. పొయ్యి రండి" అన్నాడు.

వాళ్ళు పోగానే నేను అందుకున్నాను. తిరుపతిలో మాట్లాడిందంతా, చప్పట్లు కొట్టిన చోట ఆగి మరీ, నాయనకు వినిపించాను. ఆయన అన్నం తింటూ విన్నాడు. ఎడమచేత్తో కలుపుకుని తినడం ఏళ్ళు గడిచినా ఆయనకు పూర్తిగా అలవాటు కాలేదు, మెతుకులు కింద పడేవి. అమ్మ వాటిని ఏరుతోంది.

"బాగా చెప్పినావు పాపా. క్యారియరు ఊరికే ఇయ్యలేదు వాళ్ళు" అన్నాడు. ఇంకో ముద్ద కలుపుకుంటూ, "అయితే ఆయప్ప జైలు నుంచి ఎప్పుడు బయటికొచ్చినట్టు?" అని అడిగాడు.

"ఎప్పుడో వచ్చినాడు కదా నాయనా?"

"నాకట్ల కనిపించలా. ఈదిలో నడిచేటప్పుడు సూసినావా, గోడ పక్కనే పోతాడు."

"నీకు కోపం పోయిందా మరి?"

"పోలేదు. పొద్దున సొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు రోజూ వస్తాది. మీ అమ్మ వచ్చి పెడతాదే, అప్పుడింకా వస్తాది. అది నా కోపం, నా కాడ ఉండనీ. దానికోసరం మీ అమ్మ ఆ కంచెకాడ బిందె పెట్టుకోని ఎందుకు నిలబడాల?"

నేను బహుమతి క్యారియరు చంకన పెట్టుకుని విసురుగా లోపలికి పోయాను.

మామ నామినేషను వేశాడు. పాత ప్రెసిడెంటు మనుషులు శిక్ష సంగతి ఎత్తి ఆఫీసరు ముందు అభ్యంతరం పెట్టారు. ఆఫీసరు కాగితాలు చూసి, శిక్ష ముగిసి చట్టం చెప్పిన గడువు దాటిపోయింది, నిలబడవచ్చన్నాడు. ఇక మిగిలింది గుర్తు. ఆఫీసరు దగ్గర గుర్తుల పేర్లు వరసగా అచ్చు వేసి ఉన్నాయట. గొడుగు అప్పటికే పాత ప్రెసిడెంటు తీసుకున్నాడు. ఎవరైనా చదివి చెబుతామన్నా ఒప్పుకోకుండా మామ తానే వేలు పెట్టి ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివాడు. ఒకచోట వేలు ఆగిపోయింది. మొహం వెలిగిపోయింది. "తాళం" అని పెద్దగా చదివి, "ఇదే నాకు కావాల సార్" అన్నాడు. ఆఫీసరు రాసుకున్నాడు.

సాయంత్రానికి ఊరు ఊగిపోయింది. భజన గుంపంతా తాళాలు పట్టుకుని వీధిలోకి వచ్చింది. "తాళం గుర్తుకే మన ఓటూ" అని పాట, దానికి తగ్గట్టు టింగు టింగుమని మోత. మామ ముందు నడుస్తున్నాడు, ఆరోజు మొదటిసారి గోడ పక్కన కాకుండా వీధి నడుమ నడిచాడు. దేవుడే నా చేతిలో తాళం పెట్టినాడని కనబడినవాళ్ళకల్లా చెప్పాడట. మా ఇంటి ముందుకు రాగానే మాత్రం చెయ్యెత్తి మోత ఆపించి, తల వంచుకుని, అందరినీ చప్పుడు లేకుండా దాటించాడు. మా గుమ్మం ఎక్కి ఓటు అడగలేదు. నాయన తలుపు వెనక నిలబడి అదంతా చూశాడు.

తర్వాత పంచాయతీ ఆఫీసు గోడకు నమూనా బ్యాలెట్ కాగితం అంటించారు. చదువుకున్నదాన్ని కదా, చూద్దామని నేనూ పోయాను. మామ పేరు, దాని ఎదురుగా బొమ్మ. బొమ్మలో భజన తాళాలు లేవు. తలుపుకు వేసే బీగం ఉంది.

పుస్తకాల్లో, పట్నాల్లో దాన్నే తాళమంటారని తిరుపతిలో చదివిన నాకు తెలుసు. మా ఊళ్ళో తలుపుకు వేసేది ఎప్పుడైనా బీగమే. తాళమంటే వాయించేది. జైల్లో నేర్చుకున్న చదువుతో, సొంతంగా చదివి, సొంతంగా కోరి, మామ తెచ్చుకున్న గుర్తు జైలు తలుపుకు వేసే బీగం. నేను అక్కడే నిలబడి పడీపడీ నవ్వాను. నిజం చెప్పొద్దూ, ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది.

నేనొక్కదాన్నే నవ్వి ఉంటే సరిపోయేది. పాత ప్రెసిడెంటు మనుషులకు పండగైంది. మామ ఇంటి ఎదురుగోడ మీద సున్నంతో ఇంత పెద్ద బీగం గీశారు, దాని కింద ఊచలు గీశారు. కుర్రాళ్ళు ఇనప గొలుసులు లాక్కుంటూ వీధిలో తిరిగారు. "జైలోడికి జైలు బీగమే వచ్చిందప్పా" అని టీ అంగట్లో ఒకటే నవ్వులు. మామ ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు. ఉపసంహరణ గడువు అయిపోయింది, పేరు తీయించుకునే వీలు లేదు. ఆ శనివారం భజన కూడా లేదు.

మర్నాడు మధ్యాహ్నం మా వాకిట్లో ఎవరో నిలబడ్డారు. చూస్తే అత్త, ఆయన భార్య. ఆ గొడవ తర్వాత ఆవిడ మా ఇంటికి రావడం అదే మొదలు. లోపలికి రమ్మని అమ్మ పిలిచినా రాలేదు.

"వదినా, ఆయన అన్నం తినల్యా. గోడపక్క తిరిగి పడుకోనుండాడు. దేవుడే చెప్పినాడంట, నీకు బీగమే గానీ పెత్తనం తగదని. ఎలక్షన్ వద్దు, ఏమీ వద్దు, నన్నిట్లే వదిలెయ్యండి అంటాడు. ఎవురికి చెప్పేది నేను? మీ ఇంటికి రాకూడదని తెలుసు, యాడికీ దిక్కు లేక వచ్చినా" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తగదు. తిరుపతిలో నేను చెయ్యెత్తి చెప్పిన మాట అదే. ఎవరైతే వినాలనుకున్నానో ఆ మనిషే విని, ఒప్పుకుని, అన్నం మానేసి పడుకున్నాడు. సంతోషించాల్సింది కదా. నాకు ఒళ్ళు మండిపోయింది. నా వాదన ఆ గొలుసులు లాగే కుర్రాళ్ళ నోట్లో వినబడుతుంటే, దాన్ని వాళ్ళ దగ్గర్నుంచి లాక్కోవాలనిపించింది.

ఆరోజు బావి మా వంతు. మోటారు నడుస్తున్నంతసేపూ కొట్టం బీగాన్ని నాయన పంచె మడతలో దోపుకుని తిరిగేవాడు. భోజనానికి వచ్చిన మనిషి, కంచం ముందు నుంచి లేచాడు. మడతలోంచి బీగం తీసి ఎడమచేత్తో పట్టుకున్నాడు. "పాపా, నువ్వూ రా" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. అత్త ముందు, నాయన వెనక, ఆయన వెనక నేను. ఎర్రటి ఎండలో వీధంతా చూస్తుండగా నడిచాం.

మామ ఇంటిముందు నిలబడి నాయన పిలిచాడు. "బావా, బయటికి రా."

ఏళ్ళ తరబడి నేను వినని పిలుపు అది. తలుపు తెరుచుకోవడానికి కొంతసేపు పట్టింది. మామ గడప లోపలే నిలబడ్డాడు, మాసిన గడ్డంతో.

నాయన బీగం ఎత్తి చూపించాడు. "ఇదేంది?"

మామ తల దించుకున్నాడు.

"జైలు బీగమా ఇది? మన బాయికాడ బీగం. నువ్వూ తీస్తాండావు, నేనూ తీస్తాండాను. జైలుది నీకు ఎప్పుడో తీసినారు. నువ్వే ఇంగా లోపల ఉండావు." నాయన బీగం దించి, వంగిన కుడిచెయ్యి ముందుకు పెట్టాడు. "నా చెయ్యి పోయింది. అది రాదు. నువ్వు పండుకుంటే వస్తాదా? ఊరికి బోరన్నా వస్తాదేమో, లేచి పని సూడు."

అంతే. మామ ఏమంటాడో వినడానికి కూడా ఆగకుండా నాయన వెనక్కి తిరిగాడు. అయితే ఇంటికి రాలేదు. మొదటి ఇంటి ముందు ఆగి, ఆ ఇంటామెను పిలిచి బీగం చూపించాడు. "అమ్మా, తాళం గుర్తు అంటే ఇదీ. భజన తాళం కోసరం ఎతకబాకండి, కాయితంలో ఉండదు. ఓటు ఎవురికన్నా ఏసుకోండి, నేనేం చెప్పను. గుర్తు మాత్రం ఇది." తర్వాత రెండో ఇల్లు. ఒక ముసలమ్మ అనుమానంగా బీగాన్ని తడిమి, "దీనికేస్తే మా ఇండ్లకు బీగాలేస్తారా నాయనా?" అని అడిగింది. "వెయ్యరు అవ్వా, ఆ తోపు కంచెకున్న బీగం తీస్తారు" అని నేనన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. నాయన నా వైపు చూసి, నవ్వు దాచుకుని, మూడో ఇంటికి నడిచాడు.

ఊరంతా తిరిగాం. ఓటెయ్యమని ఆయన ఎవరినీ అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోయింది. ఆ వంగిన చేతిని, ఈ చేతిలోని బీగాన్ని చూసి ఆడవాళ్ళు ఊరికే తలలూపారు. సాయంత్రానికి గొలుసుల కుర్రాళ్ళు కనబడలేదు. చీకటి పడకముందే మామ గడ్డం గీయించుకుని వీధిలోకి వచ్చాడని అమ్మ చెప్పింది.

ఓట్ల రోజు నాయన ముందు, నేను వెనక వరసలో నిలబడ్డాం. నాకది మొదటి ఓటు. ముద్ర తీసుకోవడానికి నాయన చెయ్యి చాపి, బల్ల దగ్గరున్న ఆఫీసరుతో కూడా "ఎడంచెయ్యి సార్, తప్పుగా అనుకోబాకండి" అన్నాడు. ఎవరికి వేశాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నేను మాత్రం బీగం మీద గట్టిగా గుద్దాను.

అట్లాగని నా ఉపన్యాసాన్ని వెనక్కి తీసుకున్నానని అనుకోవద్దు. ఆ తర్వాత మా సీమలోనే, జైలుకు పోయొచ్చినందుకు సిగ్గు లేకపోగా, అదే గొప్పగా జీపుల మీద ఊరేగినవాళ్ళను చూశాను. వాళ్ళు ఓట్లడగడానికి వస్తే తలుపు మొహాన వేశాను. వాళ్ళు ఎవరి చెయ్యి విరగ్గొట్టారో ఆ ఇంటిముందు చప్పుడు ఆపి తల వంచుకున్నారా అని నేను చూసేది. అలాంటి చట్టం ఎవరూ రాయలేరని తెలుసు. రాయగలిగే తెలివి నాకు లేదు. దెబ్బ తిన్న మనిషిని అడగాలంటే, ఆ మనిషిని మళ్ళీ బోనెక్కించినట్టే అవుతుందని నాయన కోప్పడింది కూడా గుర్తుంది. ఇన్నేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినా ఈ ఒక్క ప్రశ్న దగ్గర నేను తడబడుతూనే ఉన్నాను. తడబడడం నేర్పినందుకే నాయనకు దండం పెట్టుకుంటాను. ఆ ఎండలో నన్ను వెంట తీసుకుపోయినందుకు, కోపం దాచకుండా ఉంచుకుని కూడా దాన్ని ఊరికి అడ్డం పెట్టనందుకు, బోనులో ఒక్క అబద్ధం ఆడనందుకు. వకీలు చెప్పినట్టు ఆయన చెప్పి ఉంటే మామ అప్పటికి ఇంకా జైల్లోనే ఉండేవాడు, మా ఊరి బోరు ఇంకెన్నాళ్ళు ఆగి ఉండేదో.

బోరు తర్వాత సంగతి. ఓట్ల లెక్కింపులో మామ గెలిచాడు. మర్నాడు పొద్దున దండలు, తాళాల మోత అన్నీ వాళ్ళ వీధిలో వినబడుతూనే ఉన్నాయి. నేను వాకిలి ఊడుస్తున్నాను. నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, అమ్మ ఆయన చొక్కా గుండీలు పెడుతోంది. మోత వదిలిపెట్టి మామ ఒక్కడే మా సందులోకి వచ్చాడు. మెడలో దండ తీసి చేతికి చుట్టుకున్నాడు. గుమ్మం ముందు ఆగాడు. రెండో చేతిలో బావి దగ్గరి బీగంచెవి ఉంది. టీ అంగట్లో ఇవ్వాల్సిన చెవి.

"బావా, ఈ పొద్దు నీ వంతు" అన్నాడు.

నాయన లేచి, ఎదురెళ్ళి, ఎడమచెయ్యి చాపాడు. చాపిన చేతితో పాటు ఆ మాట కూడా అలవాటుగా వచ్చేసింది.

"ఎడంచెయ్యి బావా. తప్పుగా అనుకోబాక."

ఆ మాట అన్నాక ఎవరితో అంటున్నాడో నాయనకు తెలిసినట్టుంది. అక్కడే ఆగిపోయాడు. మామ ఆ ఎడమచేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. చెవి ఆ చేతుల మధ్య ఉండిపోయింది. అర్జీలు రాసే మనిషి, భజనలు పాడే మనిషి, నాయన చేతిని కళ్ళకద్దుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ అరుగు మీదే గోడకు చేరబడింది.

"ఊరుకో బావా" అన్నాడు నాయన. "ఎవురన్నా సూస్తే ప్రెసిడెంటు ఏడుస్తాండాడు అనుకుంటారు."

నేను చీపురు పక్కన పడేసి లోపలికి పోయి, చెంబుతో నీళ్ళు తెచ్చాను. ఏమని పిలవాలో ఒక్క క్షణం తోచలేదు.

"మామా, నీళ్ళు తాగు" అన్నాను.